మోరీ దగ్గర చీమలు

శాలిబండ
3 జూలై 1943

తమ్ముడూ వైకుంఠం,

నువ్వూ మరదలు లలితా చల్లగా ఉండాలి. బొంబాయిలో వానలు దంచి కొడుతున్నాయని మన ముందు గదిలో అద్దెకుండే ఎల్లమ్మ చెప్పింది. పాలమ్ముకునే మనిషికి బొంబాయి వానల సంగతి ఎవరు చెబుతారో నాకైతే తెలియదు.

మీ బావ సంవత్సరీకం బాగానే జరిగింది. మిల్లులో సెలవు దొరకలేదని బాధపడకు. పోయిన ఉత్తరంలో నా రాత అచ్చు పుస్తకంలా ఉందని వెక్కిరించావు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే మొగుడు నేర్పిన రాత ఇంకెలా ఉంటుందిరా? తప్పు రాస్తే ఆ సిరా వేలితో నా నెత్తి మీద మొట్టేవాడు.

నీతో ఒక మాట చెప్పాలి. నవ్వకుండా చదువు.

ఆయన జబ్బు ఎట్లా బయటపడిందో నీకు గుర్తుందా? హకీం సాబ్ వచ్చి నాడి చూశాడు, నాలుక చూశాడు. తర్వాత పెరట్లో వాడిన నీళ్లు పోయే మోరీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మీ బావ ఒంటేలుకు పోయిన చోట చీమలు ముసిరి ఉన్నాయి. "షకర్ కీ బీమారీ హై, అమ్మా" అన్నాడు, చక్కెర జబ్బని. ఆ పూటే చక్కెర డబ్బా పట్టుకుపోయి మూసీలో కుమ్మరించి వచ్చాను. ఆయన ఎదుట నేను తీపి చాయ్ తాగితే బాధపడతాడని నేనూ మానేశాను. ఆనాటి నుంచి ఈ గడప లోపలికి తెల్ల చక్కెర పలుకు రాలేదు. "ఒక్క చెంచా, ఆండాలూ" అని చిన్న పిల్లవాడిలా అడిగేవాడు. ఇయ్యలేదు. ఐనా వీపు మీద మానని రాచపుండు లేచి ఆయన్ని తీసుకుపోయింది.

ఆయన పోయాక పిట్టకు పెట్టిన రోజు నువ్వు ఉన్నావు కదా. ఎన్ని వండి పెట్టినా కాకి గోడ మీదే కూర్చుని మొహం తిప్పుకుంది. నువ్వు ఇరానీ హోటలుకు పరుగెత్తి, చక్కెర దండిగా వేయించిన చాయ్ తెచ్చి విస్తట్లో పోశాకే దిగి వచ్చింది. ఆ కాకిని నేను మరిచిపోలేదు.

ఇప్పుడు అదే మోరీ దగ్గర మళ్లీ చీమలు పడుతున్నాయి. పసుపు చల్లాను, గాసునూనె పోశాను. తెల్లారితే మళ్లీ బారు కడతాయి. చక్కెర లేని ఇంట్లో వాటికేం పని చెప్పు? ఆయన వచ్చాడు, తమ్ముడూ. కోరిక తీరక వచ్చాడు.

నాకు భయం లేదు. నువ్వు ఫికర్ చేసి పరుగెత్తి రాకు. నేను ఒంటరిగా లేను.

మీ అక్క
ఆండాలు

బొంబాయి
19 జూలై 1943

అక్కా, ఇక్కడి నుంచే నీ కాళ్లకు మొక్కుతున్నాను.

నవ్వకు అన్నావు, నవ్వలేదు. లలిత మాత్రం ఉత్తరం విని దీపం ముందు దండం పెట్టుకుంది. మా చాలు గదుల వరసలో ఇంటికొక దయ్యం ఉంది, నీళ్ల కొళాయి దగ్గర లొల్లి పెట్టే ఆడవాళ్లే నాకు వాటికన్నా ఎక్కువ భయం.

బావ దేవుడి లాంటి మనిషి. పోయాక చీమల వెంట తిరగాల్సిన ఖర్మ ఆయనకేంటి? నువ్వు చక్కెర మానావు గానీ బెల్లం మానలేదు కదా. చాయ్‌లో బెల్లం, అన్నంలో బెల్లం, ఊరికే నోట్లో వేసుకునేదీ బెల్లమే. ఆ కుండ కిందికి నీళ్ల పళ్లెం పెట్టి చూడు.

ఇంకొకటి. ఎల్లమ్మ మిఠాయి దుకాణానికి పాలు పోస్తుందని నువ్వే ఒకసారి రాశావు. అక్కడి పాకం గిన్నెలు తెచ్చి మన మోరీలో కడుగుతుందేమో. మెత్తగా అడిగితే చెప్పదు, గట్టిగా అడుగు.

అన్నిటికన్నా మంచిది, తాళం వేసి ఇక్కడికి వచ్చెయ్. ఇల్లు ఇరుకే, సర్దుకుందాం.

వైకుంఠం

శాలిబండ
30 సెప్టెంబరు 1943

ఒరేయ్ వైకుంఠం,

నీ తెలివి తగలబడ! నీ మాట విని ఒక మంచి మనిషిని పోగొట్టుకున్నాను.

గట్టిగా అడగమన్నావు కదా, అడిగాను. ఎల్లమ్మ పాల గిన్నె కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందమ్మా, నేనేమన్న దొంగనా? నీ మోరీ కాడికి నేనెప్పుడన్న వచ్చిన్నా? నా గిన్నెలు నేను బర్ల కొట్టం కాడనే కడుక్కుంట. గిన్నేండ్ల సంది ఉంటున్న, గిదా నువ్వు నన్ను ఎరిగింది?" అంది. నేనూ ఊరుకోలేదు, నోరు జారాను. మర్నాడే సామాను కట్టుకుని వాళ్ల అన్న మైసయ్య కొట్టానికి వెళ్లిపోయింది. పాలు కూడా ఇప్పుడు వేరే పిల్ల తెచ్చి పోస్తోంది.

ఆమె పోయినా చీమలు పోలేదు. బెల్లం కుండ కింద నీళ్ల పళ్లెం పెట్టాను. ఒక్క చీమ ఆ కుండ వైపు చూడలేదు. అన్నీ మోరీకే. ఇప్పుడేమంటావు?

ఇంకా విను. మట్టి రంజన్ నిండా నీళ్లు పోసి పెడితే పొద్దున్నకి అడుగంటుతోంది. ఈ మధ్య నాకూ దాహం ఎక్కువే, కాదనను, కానీ ఒక్కదాన్ని అన్ని నీళ్లు తాగుతానా? జబ్బులో ఆయన ఇట్లాగే రంజన్ ఖాళీ చేసేవాడు. చెంబు కూడా ఆయన పెట్టే చోటే ఉంటోంది, కిటికీ అంచున.

ఇక నా సంగతి. ఆకలి బాగా అవుతోంది. అన్నం తిన్న గంటకే మళ్లీ కడుపు కాలుతుంది, ఇంత బెల్లం నోట్లో వేసుకుంటాను. బెల్లం వంటికి మంచిదే కదా, చెరకు రసమే కదా. జబ్బు తెచ్చేది ఆ మిల్లు చక్కెర. ఐనా మనిషిని చిక్కిపోతున్నాను. రవికెలన్నీ వదులయ్యాయి. ఆయన బెంగ ఇంకేం చేస్తుంది?

అందుకే నిన్నొకటి అడుగుతున్నాను. ఆయన అడిగినప్పుడు ఇయ్యలేదు. ఇప్పుడైనా పొద్దున్నే ఒక కప్పు చక్కెర చాయ్ ఆయన పీట ముందు పెడతాను. ఇక్కడ చక్కెర కంట్రోలు. దుకాణంలో అడిగితే నా మొహం చూసి నవ్వుతున్నారు. నువ్వేమైనా పంపగలవా?

మీ అక్క

బొంబాయి
4 నవంబరు 1943

అక్కా,

ఎల్లమ్మ సంగతిలో తప్పు నాదే, ఎన్ని తిట్టినా పడతాను. ఆమెను బతిమాలి మళ్లీ పిలుచుకో.

చక్కెర విషయం నేను ఒప్పుకోలేదు. లలిత ఊరుకుంటేనా! "అడిగింది దేశమా, రాజ్యమా? సచ్చిన పెనిమిటికి ఇంత చాయ్. నువ్వు గాకపోతే ఎవరిస్తరు?" అని నా ప్రాణం తీసింది. మా రేషను చక్కెర దాచి మూట కట్టింది. మిల్లులో నా పక్క మగ్గం వెంకటనారాయణ దసరా సెలవు ఇప్పుడు దొరికి ఊరికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. పాడైందని అనుకోకు, చెమ్మకు ముద్దయింది.

బావ ముందు పెట్టు. ఆయన శాంతిస్తే నువ్వూ శాంతిస్తావు. ఒక్క మాట, పెట్టిన చాయ్ మోరీలో పారబోయకు. బొంబాయిలో దీని కోసం మనుషులు తెల్లవారక ముందే వరసలో నిలబడుతున్నారు.

ఎందుకు చిక్కిపోతున్నావు? పాలు తాగు. మంచి నెయ్యి వేసుకో.

వైకుంఠం

శాలిబండ
16 ఫిబ్రవరి 1944

తమ్ముడూ, మరదలా,

మీ ఇద్దరి కడుపు చల్లగుండ! నెలనెలా పంపుతున్న మూటలు అందుతున్నాయి. నేను ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లైందో.

పొద్దున్నే చాయ్ కాచి, చక్కెర తీపిగా వేసి, ఆయన పీట ముందు పెడతాను. ప్రెస్సులో ఏం అచ్చవుతోందో అడుగుతాను, పాల పిల్ల నీళ్లు కలుపుతోందని చెబుతాను. చల్లారాక నేను తాగుతాను. పారబోయొద్దు అన్నావు కదా. ఆయనకు పెట్టింది ప్రసాదమే, నేను తింటున్నట్టు కాదు. నా మాట నేను తప్పలేదు.

చీమలు ఇప్పుడు తాడు పేనినట్టు వస్తున్నాయి. వాటిని చూస్తే కళ్లు నిండుతాయి. తృప్తిగా తాగుతున్నాడన్నమాట.

ఆయన కనిపిస్తున్నాడు కూడా. నా చూపు ఈ మధ్య మసకేసింది, కానీ ఆ మసకలోనే తెల్లగా ఒక మనిషి వాకిట్లో నిలబడతాడు. దగ్గరికి పోతే ఉండడు. ఆ ధోవతి కట్టు ఆయనదే. కాలి మడమకు రాయి కొట్టుకుని పుండైంది, మానడం లేదు. పసుపు పెడుతున్నాను.

ఒక వింత చెప్పాలి. మన మేనత్త కూతురు రాధాబాయి లేదూ, బేగంబజార్‌లో గిన్నెల దుకాణం వాళ్లు? వాళ్ల బిడ్డ పెళ్లికి పోయి నాలుగు రోజులు ఉన్నాను. ఆ ఇల్లంటే మీ బావకు ఎంత కోపమో నీకు తెలుసు. మా పెళ్లయిన కొత్తలో అల్లుడి మర్యాద చేయలేదని అలిగి, బతికినన్నాళ్లూ ఆ గడప తొక్కలేదు. రెండో రోజుకే వాళ్ల పెరటి మోరీ దగ్గర చీమలు! "ఎన్నడు లేంది గిదేం పీడరా" అని రాధాబాయి తలపట్టుకుంది. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. అలిగిన మనిషి నా కోసం అలక మాని వెంట వచ్చాడు కదా అని.

వేసవిలో వస్తానన్నావు. ఎందుకు శ్రమ? ఇంట్లో ఇద్దరం ఉన్నాం, బాగానే ఉన్నాం.

మీ అక్క

బొంబాయి
24 ఫిబ్రవరి 1944

అక్కా,

ఇది అందగానే ఆ చక్కెర ఆపెయ్. బెల్లం కూడా ఆపెయ్. దవాఖానకు వెళ్లు. ముందు ఈ మూడు పనులు చెయ్, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం లలితకు చదివి వినిపించాను. బేగంబజార్ మాట వచ్చేసరికి చేతిలో చాట కింద పెట్టేసింది. "సచ్చినోనికి ఒంటేలు ఏడికెల్లొస్తది? ఆ ఇంట్ల ఆ జాగకు పోయింది వదినె గాదా?" అంది. నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి నుంచి మళ్లీ చదివాను.

అక్కా, ఆ చీమలు బావ కోసం రాలేదు. నీ కోసం వచ్చాయి. దాహం నీది. ఆకలి నీది. రంజన్ ఖాళీ చేసింది నువ్వే. చిక్కిపోవడం, చూపు మసక, మానని పుండు, అన్నీ బావకు వచ్చినట్టే నీకూ వచ్చాయి. చక్కెర మానిన మనిషికి ఆ జబ్బు రాదనుకున్నాం. బెల్లం తింటుంటే చూస్తూ ఊరుకున్నాం. పైగా చక్కెర మూటలు కట్టి పంపాను. ఆ మాట తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

సెలవు కోసం కొట్లాడుతున్నాను. ఎల్లమ్మకు కూడా ఒక కార్డు రాశాను, ఎవరితోనైనా చదివించుకుంటుంది. నువ్వు మాత్రం రేపటి దాకా ఆగకు.

వైకుంఠం

శాలిబండ
20 మార్చి 1944

వైకుంఠం,

నీ కార్డు అందిన పూటే ఎల్లమ్మ వచ్చింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. గడపలో నిలబడి "నడువమ్మా, తర్వాత కొట్లాడుకుందం" అని చెయ్యి పట్టుకుని దవాఖానకు నడిపించింది.

అక్కడ డాక్టరమ్మ ఒక గాజు గొట్టంలో నీలం నీళ్లు పోసి, నా ఒంటేలు చుక్కలు వేసి, దీపం మీద కాచింది. నీలం పోయి ఇటుక రంగు అయింది. నీకున్నది మీ ఆయనకున్న జబ్బే అంది. చక్కెర, బెల్లం, ఖర్జూరం, మామిడిపండు, ఏ తీపీ ముట్టకూడదట. అన్నం పిడికెడు. బదులు జొన్నరొట్టె, ఆకుకూర. ఇట్లా ఉంటే బతుకుతావు, లేకపోతే ముందు కాలు పోతుంది, తర్వాత నువ్వు పోతావు అని మొహం మీదే చెప్పింది. కాలి పుండు కడిగి కట్టు కట్టింది.

నీ మాటే నిజమైంది. సంతోషమా?

నేను ఆ తిండి తినను, తమ్ముడూ. చెబుతాను విను. ఇంటికి వచ్చి మోరీ దగ్గర కూర్చున్నాను. చీమలు ఎప్పటిలాగే వచ్చాయి. నేను తీపి మానేస్తే అవి రావు. రంజన్ నిండుగానే ఉంటుంది. చూపు బాగుపడితే వాకిట్లో ఆ తెల్లటి మనిషి ఉండడు. అంటే నా చేతులతో నేనే ఆయన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టాలి. బతికున్నప్పుడు ఆయన నోటి దగ్గర తీపి లాక్కున్నాను. పోయాక కూడా లాక్కోమంటారా?

అది జబ్బే కావచ్చు. కానీ ఈ ఏడాది ఆ జబ్బుతోనే మాట్లాడుకుంటూ బతికాను. నాకు పిల్లా జెల్లా లేరు. ఎవరి కోసం కాలు కాపాడుకోవాలి? ఈ పొద్దు కూడా చాయ్ పెట్టాను, తాగాను.

నువ్వు రాకు. వస్తే తలుపు తియ్యను.

ఆండాలు

బొంబాయి
2 ఏప్రిల్ 1944

అక్కా,

నీ ఉత్తరం అందింది. తలుపు తియ్యనన్నావు. సరే, రాను. కానీ ఇది చదువు.

అమ్మ పోయినప్పుడు నన్ను చంకన వేసుకుని తిరిగిన దానివి. నీ పెళ్లిలో నేను నీ కొంగు పట్టుకుని ఏడిస్తే, బావ నవ్వి నన్ను కూడా బండి ఎక్కించుకున్నాడు. శాలిబండ ఇంట్లో మీ ఇద్దరి మధ్య పెరిగాను. ఎవరి కోసం బతకాలని నన్నే అడుగుతావా? సిగ్గులేదా నీకు?

బావ కోసం నువ్వు తీపి మానావు. తోడుగా ఉండాలని, ఒక్కడే మానితే ఆయనకు కష్టమని. నీ కోసం ఎవరూ మానలేదు, అక్కా. నేను మూటలు పంపానే తప్ప తోడు రాలేదు.

ఈ ఉగాదికి మా ఇంట్లో పచ్చడిలో బెల్లం వేయలేదు. వేపపువ్వు, పులుపు, అంతే. లలిత కళ్లు మూసుకుని మింగింది. రేషను చక్కెర కింది గదిలో బాలింతకు ఇచ్చేశాం. మిల్లు గేటు దగ్గర చాయ్ తీపి లేకుండా తాగుతుంటే జనం నన్ను పిచ్చివాడనుకుంటున్నారు. నువ్వు మానే దాకా కాదు, నువ్వు మానినా మేము మానే ఉంటాం. నువ్వు తీపి తిన్న ప్రతి పూటా బొంబాయిలో ఇద్దరు తినకుండా ఉన్నారని గుర్తు పెట్టుకో.

బావ ఆ చాయ్‌లో లేడు. ఉంటే నీ రాతలో ఉన్నాడు. ఎంత కోపంలో రాసినా ఒక్క తప్పు లేదు చూశావా?

వైకుంఠం

శాలిబండ
11 ఆగస్టు 1944

నాన్నా వైకుంఠం, తల్లీ లలితా,

ఇన్ని నెలలు జవాబు రాయలేదు. రాయడానికి ఏమైనా జరగాలి కదా అని ఆగాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు చాయ్ కాచి పీట ముందు పెట్టాను. చల్లారింది. ఎత్తి నోటి దగ్గర పెట్టుకుంటే, బెల్లం లేని ఉగాది పచ్చడి మింగుతున్న లలిత మొహం కనిపించింది. ఆ పిల్ల వేపపువ్వంటే ఆమడ దూరం పరుగెత్తేది. కప్పు తీసుకుపోయి గోడ మీద కాకికి పోశాను. మిగిలిన చక్కెర ఎల్లమ్మకు ఇచ్చాను. "గిన్ని దినాలు నామీద దొంగతనం మోపి, గిప్పుడు సొమ్ము ఇస్తున్నవా?" అని నవ్వింది. మళ్లీ ముందు గదిలోకి వచ్చేసింది. నేను బెల్లం కుండ వైపు నడిస్తే చాలు, అక్కడి నుంచే కేకలు వేస్తుంది.

మొదట్లో నరకం చూశాను. తల నొప్పి, ఒళ్లు వణుకు, ఉన్నట్టుండి ఏడుపు. జొన్నరొట్టె గొంతు దిగేది కాదు. తర్వాత తర్వాత అలవాటైంది. కాలి పుండు మానింది, మచ్చ మిగిలింది.

రోజూ పొద్దున్నే మోరీ దగ్గర పీట వేసుకుని కూర్చునేదాన్ని. తాడులా వచ్చే చీమలు దారమయ్యాయి. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి. దారి తప్పినట్టు తిరిగి వెళ్లిపోయేవి. మనిషి ఒక్కసారి పోతే ఒక్కసారే ఏడుస్తాం. ఆయన రెండోసారి కొంచెం కొంచెంగా పోయాడు, నేను కూర్చుని చూశాను. నా చేత్తోనే పంపించాను. తప్పు చేశానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నిన్న డాక్టరమ్మ మళ్లీ గాజు గొట్టం కాచింది. నీలం నీళ్లు నీలంగానే ఉన్నాయి. "శభాష్ అమ్మా" అని భుజం తట్టింది. నేను భోరున ఏడ్చాను. ఆమె సంతోషం అనుకుంది.

ఈ పొద్దున లేచి చూస్తే రంజన్ నిండుగా ఉంది. మోరీ దగ్గర ఒక్క చీమ లేదు. వాకిలి వైపు చూశాను. చూపు తేటపడింది కదా, ఎదుటి గోడ మీద సున్నం పెచ్చులు కూడా కనిపిస్తున్నాయి. వాకిట్లో ఎవరూ లేరు. ఎంతసేపు చూసినా ఎవరూ లేరు.

ఇన్నాళ్లూ నిన్ను రావద్దన్నాను. నాకు తోడుందని రాశాను. ఇప్పుడు లేదు, తమ్ముడూ. సెలవు దొరికినా, దొరకకపోయినా, ఒకసారి రా. తలుపు తీసే ఉంచుతాను.

మీ అక్క
ఆండాలు